తాయెత్తులో కోనోడాంట్

గుణదలలో మేముండే అపార్ట్‌మెంటు డాబా మీద ఏడాది పొడుగునా నూడుల్స్ బండి వాసన వచ్చింది. కారకురాలిని నేనే. ప్లాస్టిక్ బకెట్లలో సున్నపురాయి ముక్కలు వేసి, నీళ్ళు కలిపిన అసిటిక్ యాసిడ్ పోసి, మూత పెట్టి, మూత మీద ఇటుక పెట్టి వచ్చేదాన్ని. వెనిగర్‌లో ఉండేదీ ఆ యాసిడే కాబట్టి వాసన కూడా అదే. బట్టలు ఆరేసుకోవడానికి పైకొచ్చినవాళ్ళు ముక్కులు మూసుకుని, నేను గుట్టుగా పచ్చళ్ళ వ్యాపారం పెట్టానని తేల్చేశారు. ఒకావిడ అరకిలో ఉసిరికాయ పచ్చడికి ఆర్డరు కూడా ఇచ్చింది. లేదండీ అంటే, తెలిసినవాళ్ళకి అమ్మరేమిటని అలిగింది.

నేను డిగ్రీ కాలేజీలో జియాలజీ చెబుతాను. కృష్ణా డెల్టాలో జియాలజీ చెప్పడమంత దండగమారి పని ఇంకోటి లేదు. ఎంత తవ్వినా ఒండ్రుమట్టే, రాయి కావాలంటే లారీలో రావాలి. బెజవాడ కొండలున్నాయిగా అంటారు. ఉన్నాయి. అవి మరీ ముసలివి, పైగా భూమి లోపలి వేడికి ఉడికి రూపం మారిపోయినవి. వాటిలో శిలాజం వెతకడం ఇసుకలో తైలం తీయడమే. అందుకని నా పీహెచ్‌డీ కోసం హిమాచల్‌లో స్పితి లోయ దాకా వెళ్ళి గోనెసంచుల్లో రాళ్ళు మోసుకొచ్చాను. "అంత దూరం పోయి ఆపిల్ పళ్ళు తెస్తుందనుకుంటే రాళ్ళు తెచ్చిందండీ" అని మా అత్తయ్య చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంది.

ఆ రాళ్ళలో నాకు కావలసింది కోనోడాంట్ అనే ప్రాణి పళ్ళు. వేలెడంత పొడుగున, బొమ్మిడాయి పిల్లలా ఉండే సముద్రప్రాణి అది. ఎప్పుడో అంతరించిపోయింది. ఒళ్ళంతా మెత్తన కాబట్టి చచ్చాక మిగిలేవి నోట్లో ఉండే పళ్ళలాంటి ముక్కలే. ఒక్కొక్కటి ఆవగింజలో సగం కూడా ఉండదు. యాసిడ్‌లో సున్నం కరిగిపోతుంది, అవి కరగవు. బకెట్ అడుగున మిగిలిన మడ్డిని కడిగి, జల్లెడ పట్టి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పోసుకుని, తడిపిన కుంచె కొసతో ఒక్కొక్కదాన్నీ ఏరుకోవాలి. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం వెక్కిరిస్తారు కదా, నేను కొండను కరిగించి ఎలుక పన్ను పట్టుకునేదాన్ని.

ఇంత చాకిరీ ఎందుకంటే, ఆ పళ్ళ ఆకారం కాలంతోపాటు మారుతూ పోయింది. ఒక రకం కొద్దికాలమే బతికి, ఆ కొద్దికాలంలోనే దేశదేశాల సముద్రాల్లోనూ తిరిగి మాయమైందనుకోండి, అది దొరికిన రాతిపొర ఏ దేశంలో ఉన్నా ఆ కాలానిదే. నేను వెతుకుతున్న ప్రజాతి పేరు నియోస్పాథోడస్. చూడటానికి విరిగిన దువ్వెన ముక్కలా ఉంటుంది, వయసు దాదాపు పాతిక కోట్ల సంవత్సరాలు. నా రాళ్ళలో అది మొట్టమొదట ఏ పొరలో కనబడుతుందో అక్కడ ఒక గీత గీసి, ఇక్కణ్ణించి ఫలానా కాలం మొదలని చెప్పాలి. నా థీసిస్ అంతా ఆ ఒక్క గీతే.

ఆ గీత గీయడానికి నాకు మిగిలిన గడువు ఒక్క వారం. పెళ్ళి, పిల్లలు, కరోనా అన్నీ అయ్యాక యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి పొడిగింపు అది. వచ్చే సోమవారం సాయంత్రంలోగా థీసిస్ అందకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. పీహెచ్‌డీ లేనివాళ్ళని వచ్చే ఏడు కొనసాగించేది లేదని కాలేజీవాళ్ళు ముందే చెప్పేశారు.

ఆ ఆఖరి వారం మొదలైంది కార్తీక సోమవారంతో. నా దగ్గర ఏరకుండా మిగిలిన మడ్డి ఒకే ఒక్క పొట్లం. అసలైన పొరది అదే. ఆ పొర రాయి మొత్తం బకెట్లో కరిగిపోయింది. ఇంకో ముక్క కోసం మళ్ళీ వెళదామంటే కార్తీకానికి స్పితి దారులు మంచుతో మూసుకుపోతాయి. పొద్దున్నే డైనింగ్ టేబుల్ మీద మైక్రోస్కోపు పెట్టుకుని ఆ పొడి పోసి చూశాను. ఉంది! నల్లగా నిగనిగలాడుతూ, ఒక్క కొన కూడా విరగని నియోస్పాథోడస్. కుర్చీలోంచి లేచి గంతేశాను. మా గైడ్‌కి ఫోన్ చేస్తే, "వెంటనే ఫోటో తీయమ్మా. అది లేకపోతే నీ గీత ఉత్త ఊహే" అన్నారు.

అప్పుడే గవర్నర్‌పేట ప్రింటింగ్ షాపు నుంచి ఫోన్. "మేడమ్, మీ చాప్టర్లు వచ్చేశాయ్. మధ్యాహ్నం కరెంట్ ఉండదంట, ఇప్పుడే వచ్చి చూసుకోండి." ఆ పంటిని ఏరడం హడావుడిగా చేసే పని కాదు, కుంచె వణికితే ఎగిరి ఏ మూల పడుతుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అందుకని పొడిని మళ్ళీ కాగితంలోకి పోసి, పొట్లం కట్టి, పిల్లలు చెయ్యి పెట్టని చోటు ఇంట్లో అదొక్కటే కాబట్టి, దేవుడి అలమారులో పై అరలో పెట్టి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి మా ఇంట్లో అత్తయ్య పెట్టుకున్న పారాయణం ముగిసి ఆడవాళ్ళు వెళ్ళిపోతున్నారు. లిఫ్టులోంచి దిగినావిడ నుదుట బూడిదరంగు బొట్టు ఉంది. అది తళుక్కుమంటోంది. విభూతి తళుక్కుమనదు. ఆ తళుకు నాకు బాగా తెలిసిన తళుకు. స్పితి మడ్డిలో ఉండే అభ్రకం.

"అత్తయ్యా, పై అరలో కాగితం పొట్లం..."

"అదా, విభూతి నిండుకుందమ్మా. సోమవారం పూట లేదని ఎట్లా చెప్పను? చూస్తే నీ హిమాలయాలది కనపడింది. శివుడుండే చోటుది, ఇంకేం కావాలి! తలా కాస్త ఇచ్చా."

"అది విభూతి కాదత్తయ్యా!"

"నువ్వేగా చెప్పావు, రాయంతా కరిగిపోయినా అది మాత్రం కరగదని? కరగంది విభూతి కాక ఇంకేమవుద్ది?"

మా అత్తయ్యది నేత కుటుంబం. పాతికమందికి పంచాలంటే గుడ్డయినా ప్రసాదమయినా ఎవరికీ తక్కువ రాకుండా పంచగల చెయ్యి. నా పొట్లం మీద పెన్ను గీతలున్నాయి, చూడ్డానికి బాగోలేదని దాన్ని విప్పి, పొడిని చిటికెలుగా చేసి కొత్త కాగితాల్లో కట్టిందట. ఇప్పుడు నా పన్ను ఏ చిటికెలో ఉందో! నాకు ఒళ్ళు మండిపోయింది.

"అందులో ఉన్నవి చేప పళ్ళు!" అని అరిచాను.

శాస్త్రం ప్రకారం కోనోడాంట్ చేప కాదు, చేపలకు దూరపు చుట్టం. అంత కోపంలో వర్గీకరణ ఎవరికి గుర్తుంటుంది?

అత్తయ్య సోఫాలో కూలబడింది. "కార్తీకమాసం... సోమవారం... ముత్తయిదువలకి... నా చేత్తో నీచు పంచానా?" అంది. ఆవిడ మొహం చూస్తే జాలేసింది, నా కోపం మాత్రం తగ్గలేదు. మా ఆయన గదిలోంచి తొంగిచూసి, పరిస్థితి గ్రహించి, "మీరిద్దరూ మాట్లాడుకోండి" అని స్కూటర్ తాళాలు తీసుకుని మాయమయ్యాడు. చివరికి అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "పొట్లాలన్నీ తెచ్చేసుకుందాం. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పకమ్మా, నీకు పుణ్యముంటది" అంది.

అలా ఇద్దరం గుమ్మం గుమ్మం ఎక్కాం. "మంత్రించడం మర్చిపోయామండీ, మంత్రించి మళ్ళీ ఇస్తాం" అనేది అత్తయ్య అల్లిన అబద్ధం. నేతవాళ్ళ ఆడపడుచు కదా, ఎక్కడా పోగు తెగలేదు.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ హిందీ టీచరుగారు, "కాస్త బొట్టు పెట్టుకుని మిగిలింది నాలిక మీద వేసుకున్నానమ్మా. కొంచెం పుల్లగా ఉంది. హిమాలయాల్లో అంతే కాబోలు అనుకున్నా" అన్నారు. నేను సరిగ్గా కడగని యాసిడ్ పులుపు అది. కంగారుగా, "కడుపులో ఏమైనా ఇబ్బందిగా ఉందా అండీ?" అన్నాను. "లేదమ్మా, గ్యాస్ తగ్గింది" అన్నారు. అదృష్టం కొద్దీ కాగితం మడతలో కాస్త మిగిలింది, అదే దులుపుకున్నాను.

పై అంతస్తు ఆయన కొత్త కారు కొన్నాడు. భార్య తెచ్చిన పొట్లం అద్దానికి వేలాడగట్టి, హైదరాబాద్ బయలుదేరుతుంటే గేటు దగ్గర అడ్డం నిలబడ్డాను. ఆయన పొట్లంతోపాటు నిమ్మకాయ కూడా ఊడదీసి నా చేతిలో పెట్టి, "ఇది కూడా మంత్రించండి మేడమ్, టైర్ల కింద పెట్టినవి సరిగ్గా నలగలేదు" అన్నాడు. ఇంకొకావిడ తనకిచ్చిందంతా బొట్టుగా పెట్టేసుకుంది. చేసేదేముంది! ఆవిడని బాల్కనీ వెలుతుర్లో కూర్చోబెట్టి, తడి కుంచెతో నుదుటి మీంచి కణం కణం ఏరాను. ఆవిడకది హాయిగా ఉన్నట్టుంది, కళ్ళు మూసుకుని, "బుగ్గలకి కూడా చేస్తావా అమ్మా?" అంది.

దొరికిందంతా తెచ్చుకుని మైక్రోస్కోపుకి అతుక్కుపోయాను. విరిగిన ముక్కలు, అభ్రకం, ఇసుక, కుంకుమ, ఒక చోట ఫేస్ పౌడర్. నేను చూసిన దువ్వెన లేదు. గురువారం సాయంత్రానికి అంతా వెతకడం అయిపోయింది.

"ఇంకెవరికిచ్చారత్తయ్యా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. మళ్ళీ అడిగాను.

"ఒక్కటే ఉంది. దాన్ని వదిలెయ్యి."

"ఎవరి దగ్గర?"

"మా తమ్ముడికి పంపించా."

అత్తయ్య తమ్ముడికి కంకిపాడులో బట్టల కొట్టుంది. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఆయన పిత్తాశయంలో రాళ్ళున్నాయి. "నీది రాళ్ళ చదువేగా, మా తమ్ముడివి ఏ రకమో చూడమ్మా" అని అత్తయ్య స్కానింగ్ ఫిల్ములు నాకు చూపించేది కూడా. రాళ్ళు ముదిరి, చీము పట్టి, ఆపరేషన్ చేయకపోతే ప్రాణానికే ముప్పని డాక్టర్ చెప్పేశాడు. బాబాయిగారు వినలేదు. నొప్పికి మెలికలు తిరుగుతూ కూడా ససేమిరా అన్నారు. వాళ్ళ అన్నయ్య ఇలాగే ఏదో చిన్న ఆపరేషన్‌కి వెళ్ళి మత్తులోంచి లేవలేదు. "కోస్తే భయం లేదు. నిద్రపుచ్చుతారే, అదే భయం" అనేవారు.

"దుకాణం మనిషి సరుక్కొస్తే ఆ సోమవారమే, నువ్వు ఇంటికి రాకముందే ఇచ్చి పంపా. తాయెత్తులో పెట్టి జబ్బకి కట్టుకున్నాడు. మర్నాడే ఒప్పుకున్నాడమ్మా! ఎల్లుండి శనివారం ఆపరేషన్. ఇప్పుడు నువ్వెళ్ళి అది విభూతి కాదంటే, చచ్చినా బల్లెక్కడు."

"మరి నాకు సోమవారం..."

"నీ సోమవారం కోసం మావాడి శనివారం చెడగొడతావా?"

ఆవిడన్నదాంట్లో తప్పు లేదు. అదే నాకు ఇంకా మంటగా ఉంది. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇన్నేళ్ళ చదువు, అన్ని గోనెసంచుల రాళ్ళు, అంత యాసిడ్! అదంతా పోయి పోయి ఒక బట్టల కొట్టాయన జబ్బకి వేలాడుతోంది.

శుక్రవారం పొద్దున్నే అత్తయ్యకి కాలేజీకని చెప్పి కంకిపాడు బస్సెక్కాను. ఉయ్యూరు రోడ్డు పొడుగునా అబద్ధాలు సాధన చేశాను. ఆ విభూతికి ఇంకో అభిషేకం చేయించాలి, ఒక్క పూటకివ్వండి అందామనుకున్నాను. బాబాయిగారు కొట్లో పరుపు మీద కూర్చుని చీర మడత పెడుతున్నారు. పొట్టిచేతుల బనీను కింద నల్లతాడు, రాగి తాయెత్తు. నా కళ్ళు దాని మీంచి కదలడం లేదు. ఆయన చీర పక్కన పెట్టారు.

"ఏంటమ్మాయ్? వచ్చిన దగ్గర్నుంచీ మొహం కాకుండా జబ్బ చూస్తన్నావ్. గిరాకీ చూపు ఏ చీర మీద పడిందో నాకు తెలుసుద్దిలే. చెప్పు."

సాధన చేసిందంతా మర్చిపోయాను. నిజం చెప్పేశాను. ఆ పన్నెందుకు అంత ముఖ్యమో కూడా చెప్పాను. "మీ కొట్లోనే చూడండి బాబాయిగారూ. ఒక అంచు డిజైను ఒక్క సీజనులో ఊరూరా వచ్చి మళ్ళీ కనపడకుండా పోయిందనుకోండి. ఎవరింటి బీరువాలో ఆ చీర దొరికినా, ఆ అర ఎప్పుడు సర్దారో చెప్పెయ్యచ్చు. ఇదీ అంతే."

"డెడ్ స్టాకన్నమాట."

"డెడ్ స్టాకే."

"అయితే ఇందులో విభూతి లేదు."

"లేదండీ."

"పన్నుంది."

"పన్ను లాంటిది."

"దేంది?"

"బొమ్మిడాయి లాంటి దానిది."

లోపల్నుంచి కాఫీ తెస్తున్న పిన్నిగారు గుమ్మంలోనే ఆగిపోయింది. బాబాయిగారు జబ్బ మీద చెయ్యి వేసుకున్నారు. మొహం పాలిపోయింది. నా నోటి తొందరతో ఈయన ఆపరేషన్ చెడగొట్టానురా భగవంతుడా అనుకున్నాను. గబగబా ఏదేదో చెప్పడం మొదలుపెట్టాను.

"బాబాయిగారూ, దీనికి కాస్త ముందు భూమ్మీద పెద్ద ప్రళయం వచ్చింది. సముద్రాలు వేడెక్కిపోయి, ఊపిరాడక, ఉన్న ప్రాణుల్లో చాలామటుకు చచ్చిపోయాయి. అంత చావు మళ్ళీ ఎప్పుడూ లేదు. అందులోంచి బతికి బట్టకట్టిన వంశం ఇది."

ఆయన తాయెత్తు తడిమి చూసుకున్నారు. "ప్రళయంలోంచి లేచిందా?"

"లేచిందండీ."

"ఈ బొమ్మిడాయి?"

"ఆ."

"అయితే మత్తులోంచి లేవడం దీనికో లెక్కా!" అన్నారు. మొహంలోకి మళ్ళీ రంగొచ్చింది. కొన్ని కోట్ల ఏళ్ళ తర్వాత ఆ వంశం కూడా అంతరించిందన్న సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడిగితే చెప్పాల్సిందేగా అని బస్సు దాకా భయంగానే ఉంది.

"ఆపరేషన్ అయ్యాక నీది నీకిచ్చేస్తా. ఇదే ఆఖరు మాట" అన్నారు. బేరాలాడటం ఆయన వృత్తి, నాకు చేతకాదు. ఒప్పుకున్నాను. "మా అక్కకి తెలుసా ఇది నీచని?" అన్నారు మళ్ళీ. పంపినప్పుడు తెలియదు, తెలిశాక దాచిపెట్టారు అన్నాను. ఆయన నొప్పి ఉన్న పక్కని పట్టుకుని మరీ నవ్వారు.

ముందే చెప్పేస్తున్నాను, పన్ను అందులోనే ఉంది, ఒక్క కొన కూడా విరగలేదు. దాని ఫోటో నా థీసిస్‌లో ఉంది, ఉద్యోగమూ నిలబడింది. సేకరణ విధానం రాసిన అధ్యాయంలో, నమూనాను కొంతకాలం రాగి గొట్టంలో భద్రపరిచినట్టు రాశాను. వైవాలో పరీక్షకులు, "రాగి చిలుము పడుతుంది కదమ్మా?" అన్నారు. చిలుము పట్టేంతకాలం ఉంచలేదండీ అన్నాను. కానీ నేను చెప్పాలనుకున్నది శనివారం సంగతి.

ఆపరేషన్ బెజవాడలోనే. థియేటర్ గుమ్మం దగ్గర నర్సు తాయెత్తు తీసెయ్యమంది. బాబాయిగారు ఒప్పుకోలేదు. "ఆకుపచ్చ గౌను వేసుకోమంటే వేసుకున్నా, ఇది మాత్రం తియ్యను" అని స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నారు. నర్సు, "లోపలికి మెటల్ రాకూడదు అంకుల్, మీకే ఇబ్బంది" అని బతిమాలింది. పిన్నిగారు ఏడుపు మొదలుపెట్టింది. అత్తయ్య, "నాకివ్వరా, దేవుడి పటం దగ్గర పెడతా" అని చెయ్యి చాపింది. ఆయన ఆవిణ్ణి కాదని నన్ను పిలిచారు.

"నువ్వు పట్టుకోమ్మాయ్. అదేంటో తెలిసింది నీకే" అని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, లోపలికి వెళ్ళిపోయారు.

తలుపులు మూసుకున్నాయి. అత్తయ్య పెదవులు కదులుతున్నాయి. నా గుప్పిట్లో తాయెత్తు. ఒక కొసన లక్క, గోటితో గీకితే ఊడిపోతుంది. హాస్పిటల్ నుంచి మా ఇల్లు పది నిమిషాల దూరం, టేబుల్ మీద మైక్రోస్కోపు అమర్చే ఉంది. ఆయన బయటికొచ్చేలోపు వెళ్ళి, పన్ను ఏరి, ఫోటో తీసుకుని, మిగతాది మళ్ళీ మూసి తెచ్చెయ్యచ్చు. ఎవరికీ తెలియదు. గైడ్ ఫోన్ చేశారు, కట్ చేశాను. పాతిక కోట్ల ఏళ్ళ కిందట చచ్చిన ప్రాణి పంటికీ, లోపల మత్తిచ్చే డాక్టరుకీ ఏ సంబంధమూ లేదు. నాకు తెలుసు. ఆ సంగతి ఈ వరండాలో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. గోరు లక్క దాకా వెళ్ళింది, మళ్ళీ వెనక్కొచ్చింది. గుప్పిట విప్పలేదు.

చాలాసేపటికి డాక్టర్ బయటికొచ్చి మాస్కు కిందికి లాగాడు. "అయిపోయిందమ్మా. అంతా బాగానే జరిగింది. మెలకువ రావడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది" అన్నాడు. పిన్నిగారు గోడకి జారగిలబడింది. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా గుప్పిట వైపు చూసి, పక్కన కూర్చుని, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇంక ఇంటికెళ్ళి విప్పుకోమ్మా. ఆపరేషన్ అయిపోయిందిగా. నీ సోమవారం దగ్గర పడింది."

"అప్పుడే వద్దత్తయ్యా" అన్నాను. "ఆయన్ని కళ్ళు తెరవనివ్వండి."